దొర్లించేది పిల్లి, నేర్పేది ఇల్లు

పెంపుడు పిల్లి అల్లరి నవ్వు పుట్టిస్తుందా, విసుగు పుట్టిస్తుందా అన్నది పిల్లి స్వభావం కంటే ఎక్కువగా ఆ ఇంటివారి చూపుపై ఆధారపడి ఉంటుంది. బల్ల అంచున ఉన్న స్టీలు గ్లాసును పంజాతో నెట్టి కింద పడేయడమనే ఒకే పని ఒక ఇంట్లో పిల్లల కేరింతలకు కారణమైతే, పక్కింట్లో చీపురు చేతికి తీసుకోవడానికి కారణమవుతుంది. ఈ అధ్యాయం చెప్పదలచినది ఒక్కటే: పిల్లి అల్లరిలో చాలా భాగం ఇంటివారు తమకు తెలియకుండానే దానికి నేర్పినది, కనుక దాన్ని మార్చగలిగేదీ వారే, ఈ సంగతి గ్రహించినవారికి పిల్లిపై కోపం తగ్గి, దాని చేష్టలను చూసి మనసారా నవ్వుకునే తీరిక దొరుకుతుంది.

అల్లరి అన్న మాటను ఇక్కడ ఒక పరిమితమైన అర్థంలో తీసుకోవాలి. పిల్లి తన జాతికి సహజమైన పనిని మనుషులకు అసౌకర్యమైన వేళలోనో, అసౌకర్యమైన చోటో చేసినప్పుడు దాన్ని అల్లరి అంటారు. అదే పనిని పెరట్లో, దొడ్డిగోడ మీద, గడ్డివాము పక్కన చేస్తే ఎవరూ పట్టించుకోరు. రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం వంటి ఊళ్లో ఈ తేడా కళ్లెదుటే కనిపిస్తుంది. గోల్కొండను 1550 నుంచి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మీద వెలసి, అతని కాలం నాటి పెద్ద చెరువును నేటికీ ఆనుకొని ఉన్న ఈ పట్టణంలో, ఒకవైపు వాకిలీ పెరడూ ఉన్న పాత పెంకుటిళ్లు, మరోవైపు హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రహదారి వెంట లేచిన అపార్ట్‌మెంట్లు పక్కపక్కనే ఉన్నాయి. పెంకుటింట్లో పిల్లి ఇంటి చూరెక్కి, గోడ దూకి, ఎలుకను తరిమి, అలసిపోయి ఏ జామురాత్రికో ఇల్లు చేరుతుంది. రెండు పడకగదుల ఫ్లాటులో తలుపులు మూసి పెంచే పిల్లికి అదే ఒంటి చురుకు, అదే వేట బుద్ధి ఉంటాయి గాని, ఎక్కడానికి చూరు బదులు ఫ్రిజ్జు, తరమడానికి ఎలుక బదులు ఇంటాయన కాలి బొటనవేలు మిగులుతాయి. దుప్పటి కింద కదిలే ఆ బొటనవేలి మీద పిల్లి ఒక్క ఉదుటున దూకడంలో పగ లేదు, పొగరు లేదు. కదిలే చిన్న వస్తువును పట్టమని వేల తరాలుగా దాని నరాల్లో రాసి ఉన్న ఆజ్ఞ ఉంది.

తెలుగునాట బీఎడ్, డీఎడ్ చదివినవారికీ, టెట్, డీఎస్సీ పరీక్షలకు కూర్చున్నవారికీ ఒక పిల్లి బాగా పరిచయం. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే పరిశోధకుడు 1898లో ప్రకటించిన ప్రయోగాల్లో, ఆకలిగా ఉన్న పిల్లిని గడియ ఉన్న పెట్టెలో ఉంచి, పెట్టె బయట ఆహారం పెట్టేవాడు. పిల్లి కమ్మీలు కొరికి, గీకి, అటూ ఇటూ తిరిగి, చివరకు ఏదో ఒక కదలికలో యాదృచ్ఛికంగా గడియ తీసుకొని బయటపడేది, అదే పెట్టెలో మళ్లీ మళ్లీ ఉంచినప్పుడు పనికిరాని కదలికలు క్రమంగా తగ్గి, గడియ తీసే కదలిక త్వరగా వచ్చేది. దీన్నే యత్నదోష అభ్యసనం, అంటే ప్రయత్నిస్తూ, పొరపాట్లు చేస్తూ నేర్చుకోవడం అంటారు. సంతృప్తినిచ్చిన పని మళ్లీ జరుగుతుంది, ఇవ్వనిది మరుగున పడుతుంది అనే సూత్రాన్ని ఫలిత నియమం అంటారు. ఉపాధ్యాయ పరీక్షలకు చదివే యువతీయువకులు ఈ నియమాన్ని కంఠస్థం చేస్తుండగా, ఇంటి పిల్లి వచ్చి సరిగ్గా ఆ పుటపైనే పడుకోవడం ఎంతోమందికి అనుభవంలో ఉన్న దృశ్యమే. తెరిచిన పుస్తకం మీదే ఇంటివారి చూపు నిలిచి ఉంటుంది గనుక అక్కడికి చేరితే ఆ చూపు తనమీద పడుతుందని పిల్లి నేర్చుకొని ఉంటుంది. చదివేవారు దాన్ని ఎత్తి పక్కన పెట్టే ముందు తప్పకుండా ఒకసారి తల నిమురుతారు, ఆ నిమరడమే దానికి దక్కిన ఫలితం. పుస్తకంలోని నియమం పుస్తకం మీదే రుజువవుతున్నదన్నమాట.

ఈ ప్రయోగాలకు కొనసాగింపుగా జరిగిన మరో సంఘటన అంతకంటే సరదాగా ఉంటుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్విన్ గత్రీ, జార్జ్ హార్టన్ అనే పండితులు, నిలువు కర్రను తాకి వంచితే తలుపు తెరుచుకునే గాజు పెట్టెలో పిల్లులను ఉంచి, ఒక్కో పిల్లి ప్రతిసారీ దాదాపు ఒకే భంగిమలో కర్రకు ఒళ్లు రాసుకోవడాన్ని ఫొటోలు తీసి, నేర్చుకున్న కదలిక యంత్రంలా పునరావృతమవుతుందన్న సిద్ధాంతానికి దాన్ని సాక్ష్యంగా 1946లో గ్రంథస్థం చేశారు. మూడు దశాబ్దాలు దాటాక, 1979లో, బ్రూస్ మూర్, సుసాన్ స్టటార్డ్ అనే మరో ఇద్దరు పరిశోధకులు అదే పని తిరిగి చేసి చూస్తే, ఎదురుగా మనుషులు కనిపించినప్పుడు మాత్రమే పిల్లులు కర్రకు ఒళ్లు రాసుకుంటున్నాయని, ఎవరూ కనిపించనప్పుడు ఆ పని చేయడం లేదని తేలింది. పిల్లి తనకు తెలిసినవారు కనబడగానే చెంపలో, పక్కల్లో ఉండే వాసన గ్రంథులను దగ్గరలో ఉన్న వస్తువుకు రాస్తూ పలకరిస్తుంది. గాజు అవతల నిలబడి శ్రద్ధగా రాసుకుంటున్న ఆ పండితులను అవి పలకరించాయి, పండితులు ఆ పలకరింపునే సిద్ధాంతంగా రాశారు. పిల్లి చేష్టను అంచనా వేసేవారు, చూస్తున్న తాము కూడా ఆ చేష్టకు ఒక కారణమన్న సంగతిని లెక్కలోకి తీసుకోకపోతే ఎంతటివారైనా పొరపడతారు.

గ్లాసు, గడియారం

ఈ దృష్టితో గ్లాసు దొర్లించే పిల్లిని దగ్గరగా గమనించాలి. పిల్లి బల్ల ఎక్కి గ్లాసు పక్కన కూర్చుంటుంది. ముందు పంజాను సగం ఎత్తి గాలిలో ఆపుతుంది, తరువాత గోళ్లు లోపలికి ముడుచుకొని మెత్తని అరికాలితో ఒకసారి తాకుతుంది, గ్లాసు అంగుళం జరుగుతుంది, అప్పుడు తల తిప్పి గదిలో ఉన్నవారి ముఖంలోకి చూస్తుంది. మొదటి తాకుడు పరిశీలన: చిన్న జంతువు బతికి ఉందా, చచ్చిందా, కరుస్తుందా అని నోటితో ముట్టుకునే ముందు పంజాతో తట్టి చూడడం వేటాడే ప్రాణికి అవసరమైన జాగ్రత్త. రెండో తాకుడు మాత్రం చదువు: "ఏయ్!" అని ఎవరైనా అరిచినా, పరుగెత్తి వచ్చినా, ఎత్తుకొని కిందికి దించినా పిల్లి లెక్కలో అదంతా లాభమే. అలా ఒక పని చేసిన వెంటనే దొరికి ఆ పనిని బలపరిచే ఫలితాన్ని మనోవిజ్ఞానం పునర్బలనం అంటుంది. తిట్టు కూడా పునర్బలనం కాగలదన్నది చాలామంది ఊహించని విషయం. గ్లాసు అంచుకు చేరేదాకా ఊపిరి బిగబట్టి చూసి, పడగానే ఇంటిల్లిపాదీ గొల్లుమని నవ్వే ఇళ్లలో ఆ పిల్లి మర్నాడు గిన్నెల స్టాండు దగ్గరికి వెళ్లడంలో ఆశ్చర్యం లేదు. నవ్వుకోవడం తప్పు కాదు, కాకపోతే నవ్వు ముఖం తిప్పుకొని నవ్వాలి, గ్లాసు నిశ్శబ్దంగా తీసి లోపల పెట్టాలి, పిల్లి వేరే పనిలో ఉన్నప్పుడు పిలిచి దానితో ఆడాలి.

తెల్లవారుజామున నిద్ర లేపడం ఇదే కోవలోకి వస్తుంది. పిల్లి సంధ్యాచర జీవి, అంటే పొద్దు పొడిచే ముందూ పొద్దు వాలే వేళా ఎక్కువ చురుకుగా ఉండే ప్రాణి. పగలంతా పరుపు మీద పన్నెండు గంటలకు తక్కువ కాకుండా నిద్రపోయిన పిల్లి, కోడి కూయకముందే గదుల మధ్య గుర్రంలా పరుగులు తీసి, తలుపు గీకి, చివరకు పడుకున్నవారి గుండెల మీద కూర్చుని మూతి దగ్గర మూతి పెట్టి గురగురలాడుతుంది. ఆహారం కోరుతూ చేసే ఆ గురగురలో పసిపాప ఏడుపును పోలిన హెచ్చు స్థాయి ధ్వని కలిసి ఉంటుందని, మామూలు గురగుర కంటే అది మనుషులకు తొందరపెట్టేదిగా వినిపిస్తుందని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కరెన్ మెకోంబ్ బృందం 2009లో చూపింది. కాబట్టి నాలుగు గంటలకు లేచి కళ్లు నులుముకుంటూ గిన్నెలో అన్నం కలిపే ఇంటి ఇల్లాలు బలహీనురాలు కాదు, తల్లి చెవిని లక్ష్యం చేసుకున్న శబ్దానికి ఆమె స్పందిస్తున్నది. అయితే ఆ ఒక్క రోజు లేవడంతో మరునాటి అలారం కూడా ఖాయమవుతుంది.

దీనికి విరుగుడు ఫలితాన్ని ఆపివేయడమే, దీన్ని విరమణ అంటారు. రాత్రి పడుకోబోయే ముందు కాసేపు దారానికి కట్టిన గుడ్డముక్కనో, కాగితపు ఉండనో తరిమించి, ఆ వేట ముగియగానే భోజనం పెట్టాలి. వేట, తిండి, ఒళ్లు నాకి శుభ్రం చేసుకోవడం, నిద్ర అనే సహజ క్రమం పూర్తవుతుంది గనుక పిల్లి నిద్ర కొంత పొడుగవుతుంది, ఆట అయ్యాక ఆ దారాన్ని మాత్రం తప్పక లోపల దాచాలి. తెల్లవారుజామున అది ఎంత పిలిచినా లేవకూడదు, లేచిన తరువాత కూడా మొదటి పనిగా తిండి పెట్టకూడదు, స్నానమో వాకిలి ఊడ్చడమో అయ్యాకే పెట్టాలి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం: విరమణ మొదలైన కొత్తలో అల్లరి తగ్గడానికి బదులు పెరుగుతుంది, ఎందుకంటే నిన్నటిదాకా పనిచేసిన ఉపాయాన్ని పిల్లి మరింత గట్టిగా ప్రయోగించి చూస్తుంది. ఈ దశలోనే చాలామంది ఓడిపోయి ఐదో రోజున లేచి తిండి పెడతారు. దానితో పిల్లి నేర్చుకునేది "అరిస్తే పెట్టరు" అని కాదు, "ఇంకా ఎక్కువసేపు అరవాలి" అని. ఇంట్లో నలుగురుంటే నలుగురూ ఒకే మాట మీద ఉండాలి, తాతగారో నాయనమ్మో చాటుగా బిస్కెట్టు ముక్క వేస్తే మిగతా ముగ్గురి పట్టుదలా వృథా.

మిరుగం నాటి పిల్లి

పిల్లి కొంటెతనం ఏడాదిలో ఏ రోజున పతాక స్థాయికి చేరుతుందంటే, తెలంగాణ ఇళ్లలో దానికి తడుముకోకుండా చెప్పగల సమాధానం మృగశిర కార్తె ప్రవేశించే రోజు. జూన్ మొదటి పక్షంలో వచ్చే ఆ రోజును మిరుగం అంటారు, ఎండలు తగ్గి వానలు మొదలయ్యే ఆ సంధి కాలంలో చేపలు తింటే ఒంటికి మంచిదన్న నమ్మకం తరతరాలుగా ఉంది. ఆనాడు చెరువున్న ప్రతి ఊళ్లోనూ, ప్రతి సంతలోనూ రవ్వ, బొచ్చె, కొర్రమట్ట కోసం జనం బారులు తీరుతారు. కొర్రమట్టనే కొర్రమీను అని కూడా అంటారు, తెలంగాణ రాష్ట్ర చేప అదే. ఈ చేపకు నీటిలోంచి తీశాక కూడా గాలి పీల్చి చాలాసేపు బతికే అవయవ నిర్మాణం ఉంది గనుక దీన్ని ప్రాణంతోనే అమ్ముతారు, ప్రాణంతోనే బకెట్‌లో ఇంటికి తెస్తారు, అసలు నాటకం అక్కడ మొదలవుతుంది.

వాసన ముందు చేరుతుంది. పక్క వీధిలో నిద్రపోతున్న పిల్లి కూడా గోడ మీదికి వస్తుంది, ఇంటి పిల్లి బకెట్ అంచు మీద ముందుకాళ్లు పెట్టి లోపలికి తొంగిచూస్తుంది. నీళ్లలో నల్లని వీపు కదులుతుంది, పిల్లి పంజా దించి ఒక్క దెబ్బ వేస్తుంది, కొర్రమట్ట తోకతో ఎగిరి నీళ్లు చిమ్ముతుంది, పిల్లి నిలువునా గాల్లోకి లేచి రెండు గజాల అవతల పడి, ఏమీ జరగనట్టు కూర్చుని ఒళ్లు నాక్కోవడం మొదలుపెడుతుంది. ఈ ఒళ్లు నాక్కోవడాన్ని చూసి ఇంటివారు "సిగ్గుపడింది" అంటారు. ప్రవర్తనా శాస్త్రం దీన్ని స్థానభ్రంశ చర్య అంటుంది, అంటే రెండు ప్రేరణలు, ఇక్కడ ఆకలీ భయమూ, ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు సందర్భంతో సంబంధం లేని మూడో పని చేసి ఆందోళనను తగ్గించుకోవడం. పరీక్ష హాల్లో జవాబు తట్టని విద్యార్థి తల గోక్కోవడం వంటిదే అది. తరువాత కత్తిపీట ముందు కూర్చుని, జారిపోకుండా బూడిద రాసి చేపను పట్టి పొలుసు తీసేవారి చుట్టూ పిల్లి ఎనిమిది ఆకారంలో తిరుగుతూ కాళ్లకు ఒళ్లు రాస్తుంది, మొప్పల ముక్క విసిరితే గుర్రుమంటూ మూలకు లాక్కుపోతుంది. ఆ గుర్రుమనడం కృతఘ్నత కాదు. ఒంటరిగా వేటాడే పూర్వికుల నుంచి వచ్చిన పిల్లికి తోడేలులా, కుక్కలా పంచుకు తినే అలవాటు లేదు.

ఇలాంటి రోజున పిల్లికి శిక్షణ ఇవ్వాలనుకోవడం వ్యర్థం. చేపలు శుభ్రం చేసేటప్పుడు పిల్లిని ఒక గదిలో ఉంచి, దాని వంతును ముందే విడిగా తీసి, ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి తగలకముందే ఉడికించి, ముళ్లు తీసి పెట్టడం మేలు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తుటిలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి గనుక మిగిలిన పులుసు అన్నంలో కలిపి పెట్టడం ప్రేమతో చేసే హాని.

పిల్లి శిక్షణ ప్రస్తావన రాగానే తెలుగువారికి తెనాలి రామకృష్ణుని పిల్లి గుర్తుకు రాక మానదు. శ్రీకృష్ణదేవరాయలు ఎలుకల బాధ తీరడానికి పిల్లులను, వాటి పాలకు ఆవులను పంచగా, రామకృష్ణుడు మొదటి రోజే సలసల కాగే పాలు పెట్టి, ఆ తరువాత పాలగిన్నె చూస్తేనే పారిపోయేలా పిల్లిని తయారుచేశాడన్న చాటుకథలో, ఒక్క బాధాకరమైన అనుభవం చాలు జీవితాంతం మరచిపోకుండా ఉండడానికి అన్న అభ్యసన సత్యం ఉంది. కథగా అది రాజసభను నవ్వించింది గాని, ఇంటి పద్ధతిగా అది పనికిరాదు, ఎందుకంటే పిల్లి భయపడేది పాలకు మాత్రమే కాదు, పాలు పెట్టిన చేతికి కూడా. కొట్టడం, ముఖాన నీళ్లు చల్లడం వల్ల కలిగే ఫలితం కూడా అంతే: మనిషి ఎదుట బల్ల ఎక్కడం మానుతుంది, మనిషి లేనప్పుడు ఎక్కుతుంది. ఆ కథ చుట్టూ అల్లుకున్న మరో నమ్మకాన్ని కూడా సవరించాలి. పిల్లికి పాలు ఇష్టమైనంత మాత్రాన హితం కావు. తల్లిపాలు మానిన తరువాత చాలా పిల్లుల్లో పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే రసం తగ్గిపోతుంది, పాలు పట్టిస్తే విరేచనాలు అవుతాయి. పిల్లి నాలుకకు తీపి తెలియదని, తీపిని గుర్తించే జన్యువు దానిలో పనిచేయదని 2005లో బయటపడింది. ఐస్‌క్రీమ్ కప్పులో తల దూర్చేది తీపికి కాదు, కొవ్వు వాసనకు.

మరికొన్ని చేష్టలకు వివరణ చాలు, చికిత్స అక్కర్లేదు. ఖాళీ గోడను తదేకంగా చూసే పిల్లిని చూసి ఇంట్లో ఏదో తిరుగుతోందని భయపడేవారున్నారు. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దాటిన శబ్దం వినిపించదు, పిల్లి 60 వేలకు పైగా వినగలదు, గోడ వెనుక ఎలుక పిల్లల కిచకిచ ఆ పరిధిలోనే ఉంటుంది. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం చెవుడు కాదు: పిల్లులు తమ పేరును ఇతర మాటల నుంచి వేరుగా గుర్తిస్తాయని జపాను పరిశోధకురాలు అత్సుకో సైతో బృందం 2019లో నిరూపించింది, పలకడం అవసరమా అన్నది అవి నిర్ణయించుకుంటాయి. కొత్త మిక్సీ కొంటే మిక్సీని వదిలి అట్టపెట్టెలో కూర్చోవడం కూడా అంతే సహజం. నెదర్లాండ్స్‌లో ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన పిల్లులకు దాక్కునే పెట్టెలు ఇస్తే అవి త్వరగా కుదుటపడ్డాయని 2014 నాటి అధ్యయనం చెబుతుంది. బంధువులు వచ్చినప్పుడు, ఇల్లు మారినప్పుడు ఒక అట్టపెట్టె మూలన ఉంచితే ఖర్చులేని మందు.

గీకడం గురించి మాత్రం కొంత చెప్పాలి. సోఫా గీకే పిల్లి గోళ్ల పై పొరను వదిలించుకుంటుంది, వెన్ను సాగదీసుకుంటుంది, అరికాలి గ్రంథుల వాసనను అక్కడ వదిలి తన చోటని ముద్ర వేస్తుంది. ఈ మూడు అవసరాలూ తీరే మరో వస్తువు ఇవ్వకుండా సోఫాను మాత్రం వదలమనడం కుదరని పని. పాత నులక మంచం ఉన్న ఇంట్లో పిల్లి సోఫా జోలికి అరుదుగా పోతుంది. మంచం లేనివారు పిల్లి నిలువుగా సాగేంత ఎత్తున్న దుంగకు కొబ్బరి తాడు గట్టిగా చుట్టి, లేదా గోనెసంచి బిగించి, దాన్ని గది మూలన కాక సోఫా పక్కనే నిలపాలి, ఎందుకంటే వాసన ముద్ర అందరూ తిరిగే చోటే వేయాలని పిల్లి కోరుకుంటుంది. దాన్ని ఆ దుంగకు అలవాటు చేయడానికి ఖరీదైన విదేశీ పొడులు అక్కర్లేదు, పెరట్లో కలుపుగా మొలిచే కుప్పింటాకు చెట్టు చాలు. మురిపిండి అని కూడా పిలిచే ఈ మొక్కను వేరుతో పెకలించి, వేరు కాస్త నలిపి దుంగకు రాస్తే, చాలా పిల్లులు వచ్చి మూతి రుద్ది, వెల్లకిలా పడి దొర్లి, నాలుగు కాళ్లతో దుంగను కావలించుకుంటాయి. పెద్ద మీసాల గండుపిల్లి పసికూనలా పొర్లాడడం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చూపించదగ్గ వినోదం.

అల్లరిని ఆస్వాదించే ఇంట్లో కొన్ని వస్తువులు మాత్రం పిల్లికి అందకూడదు. పిల్లి నాలుకపై ముళ్లు లోపలివైపుకు వంగి ఉంటాయి, నోట్లో పడిన దారాన్ని ఉమ్మివేయడం దానికి చేతకాదు, ఆడుకుంటున్నట్టు కనిపిస్తూనే మింగేస్తుంది. మింగిన దారం పేగులను ముడుచుకుపోయేలా చేసి కోస్తుంది. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల దారం, 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ నిషేధించినా అక్కడక్కడ అమ్ముడవుతున్న నైలాన్ మాంజా, కుట్టుమిషను దగ్గరి సూదీ దారం, పూలు గుచ్చిన నూలు ఏవీ నేల మీద వదలకూడదు. నోటి నుంచో, మలద్వారం నుంచో దారం వేలాడుతుంటే దాన్ని లాగకూడదు, కత్తిరించకూడదు, పిల్లిని అలాగే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. బీరువాలోని కలరా ఉండలు, ఫినాల్ కలిసిన నేల తుడిచే ద్రావణాలు పిల్లి కాలేయం తట్టుకోలేనివి. ఒళ్లు వేడిగా ఉందని పిల్లికి జ్వరం మాత్ర వేయడం అన్నిటికంటే ప్రమాదకరం: మనిషికి మామూలుదైన పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు, పొరపాటున మింగినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా, మాత్ర అట్టను వెంట తీసుకొని గంటలోపే వైద్యుని దగ్గరికి చేర్చాలి.